పాపిట దగ్గర తెల్లగీత

తెలుగులో 'తలపండిన' అని ఒక మాట ఉంది. తలపండిన రాజకీయ నాయకుడు, తలపండిన డాక్టరు, తలపండిన విమర్శకుడు. పుస్తక సమీక్షలు ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను గానీ, 'తలపండిన రచయిత్రి' అన్న మాట ఒక్కసారి కూడా నా కంటపడలేదు. ఆడవాళ్ళకి తల పండదు. నెరుస్తుంది, అంతే. కాస్త చనువున్నవాళ్ళయితే "ఏంటే, తల అప్పుడే ముగ్గుబుట్టయిపోయింది!" అంటారు. ఒకే తెలుపు. ఒకరి తలమీద అనుభవానికి సర్టిఫికెట్టు, ఇంకొకరి తలమీద అశ్రద్ధకి సాక్ష్యం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. వయసు విషయంలో మగవాళ్ళకో కొలత, ఆడవాళ్ళకో కొలత ఉందని సూజన్ సొంటాగ్ 1972లోనే పెద్ద వ్యాసం రాసింది. దాన్నే మళ్ళీ తెలుగులో చెప్పడం నా ఉద్దేశం కాదు. నా గొడవ చాలా చిన్నది. కొలిచి చెప్పాలంటే అర సెంటీమీటరు. జుట్టుకి రంగు వేసుకున్నాక, మళ్ళీ వేసుకునేలోపు, పాపిటకి అటూ ఇటూ మొదళ్ళలో బయటపడుతుందే, ఆ తెల్లగీత గురించి. దాన్ని దాచడానికి పుట్టుకొచ్చిన నానా విద్యల గురించి. ఆ విద్యలన్నీ మానేద్దాం అన్నది నా వాదన. రంగు మానేద్దామని మాత్రం కాదు. ఈ రెండిటికీ తేడా ఉంది.

ముందు లెక్క చూద్దాం. తలవెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, అంటే రోజుకి మిల్లీమీటరులో మూడోవంతు. లేతరంగు జుట్టయితే తెలుపు అందులో కలిసిపోతుంది. మనది నలుపు. పదిరోజులు తిరిగేసరికి మూడు మిల్లీమీటర్లు దాటిన తెలుపు, ఆఫీసు లిఫ్టులో వెనక నిలబడ్డవాళ్ళందరికీ కనిపిస్తుంది. నాలాగా బాలనెరుపు ఉన్నవాళ్ళు నాలుగు వారాలకోసారి సెలూన్‌కి వెళ్తారనుకుందాం. ఆ 28 రోజుల్లో గీత కనపడని రోజులు పది. మిగతా 18 రోజులూ దాచుకునే రోజులే. నేను వెళ్ళే చోట మొదళ్ళకి మాత్రమే రంగు వేయడానికి 1500 రూపాయలు, రెండు గంటలు. ఏడాదికి 13 సార్లు. మొత్తం 19,500 రూపాయలు, 26 గంటలు. ఇంత పోసినా నేను 'సరిగ్గా' ఉండేది మూడోవంతు రోజులే. మేం రాసిన సాఫ్ట్‌వేర్ ఇలా మూడురోజులకి ఒకరోజే పనిచేస్తే క్లయింట్ మొదటి వారంలోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు.

ఆ 18 రోజుల చుట్టూ ఒక బజారు లేచింది. స్ప్రే, పౌడరు, మస్కారా లాంటి బ్రష్షు, లిప్‌స్టిక్ లాంటి కడ్డీ. ఇవేవీ వెంట్రుకలోకి ఇంకవు, పైన పూత పూస్తాయంతే. చాలావరకు తలస్నానంతో పోతాయి. చెమటకి కరుగుతాయి, దిండు గలీబుకి అంటుకుంటాయి. వీటికి డబ్బులు పెట్టలేని వాళ్ళకి ఇంటి విద్యలున్నాయి: కాటుక పెన్సిల్, నల్ల ఐషాడో, పాపిట వంకరటింకరగా తీయడం, ఎడమ పాపిటని కుడికి మార్చడం, హెయిర్‌బ్యాండు, చున్నీ. గోరింటాకు పెడితే తెల్లవెంట్రుక నారింజరంగుకి తిరుగుతుంది. నల్లబడాలంటే దానిమీద మళ్ళీ నీలిఆకు పెట్టాలి. వారానికి ఉన్న ఒక్క ఆదివారం అక్కడే అయిపోతుంది.

అంత ఓపిక లేనివాళ్ళు త్వరగా నల్లబరిచే పొడుల వైపు వెళ్తారు. 'బ్లాక్ హెన్నా' పేరుతో అమ్మేవాటిలో చాలావాటిని నల్లగా చేసేది హెన్నా కాదు, పారాఫినైలిన్‌డయమీన్ అనే రసాయనం. డైలలో కూడా ఎక్కువగా ఉండేది ఇదే. పడనివాళ్ళకి నుదురు, చెవులు, కనురెప్పలు వాచిపోతాయి. అందుకే 48 గంటల ముందు చర్మంమీద కాస్త రాసి చూడమని డై పెట్టెలమీద రాసి ఉంటుంది. రేపు పొద్దున పెళ్ళికి వెళ్ళాల్సిన మనిషికి ఈ రాత్రి అద్దంలో తెల్లగీత కనపడింది. 48 గంటలు ఆగుతుందా? దాచాలన్న తొందరే లేకపోతే ఆగేది.

ఇప్పుడు ఇదే పెరుగుదలని ఒక మగవాడి దవడ మీద చూడండి. గడ్డం గీసుకున్న మూడోరోజుకి మొదళ్ళు బయటపడతాయి. దానికి మనం ఏం పేరు పెట్టాం? రఫ్ లుక్. ఆ మూడురోజుల గడ్డాన్ని అదే పొడవులో నిలబెట్టడానికి ప్రత్యేకంగా ట్రిమ్మర్లు అమ్ముతున్నారు. గీసుకోవడానికీ మళ్ళీ గీసుకోవడానికీ మధ్య రోజులు మగవాడికి ఒక స్టైలు. రంగుకీ రంగుకీ మధ్య రోజులు ఆడదానికి ఒక నేరం. మగవాళ్ళు రంగు వేసుకోరా అంటే, నిక్షేపంగా వేసుకుంటారు, మీసాలకి కూడా. ఉద్యోగాల కోతలు మొదలయ్యాక మా రంగంలో నలభై దాటిన మగవాళ్ళు కూడా తల చూసుకుంటున్నారు. కాకపోతే వాళ్ళకి ఇంకో దారి తెరిచే ఉంది. 2022లో 'గాడ్‌ఫాదర్'లో చిరంజీవి నెరిసిన జుట్టుతో కనిపిస్తే అది హుందాతనం అయింది. అలాంటి తలతో ఒక నటి తల్లిగానో అత్తగానో కాకుండా కథానాయికగా నిలబడ్డ పెద్ద తెలుగు సినిమాలు ఎన్ని ఉన్నాయో వేళ్ళమీద లెక్కపెట్టండి. వేళ్ళు మిగులుతాయి.

తెల్లవెంట్రుకని ఎప్పుడూ ఇలాగే చూశారా అంటే, లేదు. మఖాదేవ జాతకంలో రాజు తన మంగలికి ఒక పని అప్పజెప్తాడు: నా తలలో తెల్లవెంట్రుక కనపడిన రోజు నాకు చెప్పు. ఏళ్ళ తర్వాత అది కనపడుతుంది. మంగలి దాన్ని బంగారు పట్టకారుతో తీసి రాజు చేతిలో పెడతాడు. రాజు రాజ్యం కొడుక్కి ఇచ్చి సన్యసిస్తాడు. కాళిదాసు రఘువంశం పన్నెండో సర్గలో ముసలితనం తెల్లవెంట్రుక వేషంలో దశరథుడి చెవి దగ్గరికొచ్చి రాజ్యాన్ని రాముడికి అప్పగించమని రహస్యంగా చెప్తుంది. ఇద్దరికీ అది కబురు. వినదగ్గ కబురు. ఇద్దరూ మగవాళ్ళే. ఆడవాళ్ళలో వెతికితే నాకు దొరికింది అంబపాలి. థేరీగాథల్లో ఒకప్పటి తన నల్లజుట్టు ఏమైందో ఆవిడే, ఏ సిగ్గూ లేకుండా, చెప్పుకుంటుంది. కానీ అలా చెప్పేసరికి ఆవిడ అన్నీ వదిలేసిన భిక్షుణి. రేపు పొద్దున తొమ్మిదిన్నరకి స్టాండప్ కాల్ ఉన్నవాళ్ళకి ఆ వీలు లేదు.

ఆ మంగలి పక్కన ఇంకొక క్షురకుణ్ణి నిలబెట్టి చూడండి. 1956లో అమెరికాలో క్లెయిరాల్ అనే హెయిర్ డై కంపెనీకి షర్లీ పోలికాఫ్ అనే కాపీరైటర్ ఒక ప్రకటన రాసింది. ఈవిడ రంగు వేసుకుందా, లేదా? ఆ సంగతి ఆవిడ హెయిర్‌డ్రెస్సర్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇదీ దాని సారాంశం. ప్రకటనల చరిత్రలో అది ఇప్పటికీ పాఠం. జాతకంలో మంగలి పని చెప్పడం, ప్రకటనలో దాచడం. ఆ ప్రకటన అమ్మింది రంగుని కాదు, రహస్యాన్ని. పదిరోజుల్లో తనంతట తనే బయటపడే రహస్యం కాబట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ అమ్మొచ్చు. మొదళ్ళు దాచే స్ప్రేలు ఆ వ్యాపారంలో రెండో అంతస్తు. మొదటిది వయసుని దాస్తే, ఇది దాచామన్న సంగతిని దాస్తుంది.

ఇక్కడికి వచ్చేసరికి ఒక వర్గం చేయెత్తుతుంది: "అసలు రంగే ఎందుకండీ? సహజంగా ఉండొచ్చు కదా?" మన సాహిత్య సభల్లో ఈ ప్రశ్న బాగా వినిపిస్తుంది, అదీ స్త్రీవాదం గురించి మాట్లాడిన ఆడవాళ్ళని ఉద్దేశించి, టీ తాగే దగ్గర, నవ్వుతూ. ఇన్‌స్టాగ్రామ్‌లో వెండిజుట్టు ధైర్యవంతుల రీళ్ళు చెప్పేదీ అదే. నాకు రంగు కంపెనీలమీద ఎంత కోపమో ఈ ఉపదేశాల మీదా అంతే కోపం. ఒకరు దాచకపోతే సిగ్గుపడమంటారు, ఇంకొకరు వేసుకుంటే సిగ్గుపడమంటారు. సిగ్గు మాత్రం ఇద్దరి లెక్కలోనూ నాదే.

పైగా ఆ ధైర్యానికి ధర ఉంది. కెనడాలో సీటీవీ ప్రధాన వార్తల యాంకర్ లీసా లాఫ్లామ్ 2020 లాక్‌డౌన్‌లో సెలూన్లు మూతబడ్డప్పుడు, రోజూ వార్తలకి ముందు మొదళ్ళమీద స్ప్రే కొట్టుకుని కొట్టుకుని విసిగి, రంగు మానేసింది. ప్రేక్షకులు మెచ్చుకున్నారు. 2022లో, 58 ఏళ్ళ వయసులో, ముప్ఫై అయిదేళ్ళు పనిచేసిన చోటు నుంచి ఆవిడని తప్పించారు. జుట్టు నెరవనివ్వడానికి ఎవరు అనుమతిచ్చారని ఒక పై అధికారి అడిగినట్టు 'ద గ్లోబ్ అండ్ మెయిల్' పత్రిక రాసింది. ఆ నిర్ణయానికీ వయసుకీ జుట్టుకీ సంబంధం లేదని కంపెనీ అంది. ఏది నిజమైనా, ఆ వార్త చదివిన ఆడవాళ్ళకి అందాల్సిన సందేశం అందింది. అంత పేరున్న మనిషికే అలా అయితే, బెంచ్ మీద కూర్చుని ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తున్న ఆవిడకి 'సహజంగా ఉండు' అని చెప్పడానికి మనకేం హక్కుంది?

సొంటాగ్ సంగతే చూడండి. అంత వ్యాసం రాసిన మనిషి తర్వాత తన జుట్టుకి నల్లరంగు వేయించుకుంది, ముందున్న ఒక్క తెల్లపాయని మాత్రం వదిలేసి. దీన్ని పట్టుకుని "చూశారా, చెప్పేదొకటి చేసేదొకటి" అనేవాళ్ళు ఉంటారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. అన్నీ తెలిసిన మనిషి కూడా అదే లోకంలో, అదే కెమెరాల ముందు బతకాలి. తెలిసినంత మాత్రాన మినహాయింపు దొరకదు. కానీ ఆ తెల్లపాయ అందరి ఎదుటా ఉంది. మిగతాది రంగని గ్రహించాలనుకున్నవాళ్ళకి అదే ఆధారం.

మా టీమ్‌లో నాకన్నా పదేళ్ళు పెద్దావిడ ఒకరున్నారు. సిస్టమ్ ఎక్కడ కూలిపోయినా ముందు ఆవిడకే ఫోన్ వెళ్తుంది. క్లయింట్ కాల్‌కి అయిదు నిమిషాల ముందు వాష్‌రూమ్ అద్దం ముందు, కాటుక పెన్సిల్‌తో పాపిట దిద్దుకుంటూ కనిపించారు. "వదిలేయొచ్చు కదక్కా, ఎవరు చూస్తారు?" అన్నాను. "కెమెరా ఆన్ చేయమన్నారే. పైగా రివ్యూల నెల. ఈ నెలలో రిస్కెందుకు?" అన్నారు, చేయి ఆపకుండా. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఒక కాటుక పెన్సిల్ మొనమీద నిలబడి ఉంది. తలపండిన ఇంజనీరు అనిపించుకోవాల్సిన మనిషి తల పండినట్టు కనపడకూడదని పాట్లు పడుతోంది. ఆవిడని ధైర్యంగా ఉండమనడం నాకు చేతకాదు. ధైర్యం అవసరం లేని చోటుగా ఆ కాల్‌ని మార్చడం మిగతా పదిమంది చేతిలో ఉంది.

"దాచనప్పుడు రంగు మాత్రం ఎందుకు?" అంటారు. ముగ్గు ఎందుకు వేస్తాం? పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి కాళ్ళకింద చెరిగిపోతుంది. చెరిగిన ముగ్గు చూసి ఆ ఇంటావిడ అశ్రద్ధ మనిషని ఎవరూ అనరు. వేసిందని తెలుసు, చెరిగిందని తెలుసు, రేపు మళ్ళీ వేస్తుందనీ తెలుసు. చెరిగినచోట పెయింటుతో దిద్దుకుంటూ ఎవరూ రోజంతా గుమ్మంలో కూర్చోరు. నాకు నల్లజుట్టు ఇష్టం, వేసుకుంటాను. అది పెరుగుతుంది, కింద నా సొంత రంగు కనపడుతుంది. కుదిరినప్పుడు మళ్ళీ వేసుకుంటాను. వేసుకున్నానని అందరికీ తెలిస్తే నష్టం ఆ రహస్యం అమ్ముకునేవాళ్ళకి తప్ప నాకేమీ లేదు.

అందుకని అడగాల్సింది అద్దం ముందున్నవాళ్ళని కాదు, చూసేవాళ్ళని. "ఏంటి, ఒంట్లో బాలేదా, డల్‌గా ఉన్నావు?" అని పాపిట వైపు చూసి పలకరించే పిన్నులూ బాబాయిలూ, ఆ పలకరింపు మానేయండి. కాల్‌లో కెమెరా ఆన్ చేయమనే మేనేజర్లు, ఎందుకు కావాలో ఒక్కసారి ఆలోచించండి. మొదళ్ళు కనపడకుండా పది చిట్కాలు వేసే మహిళా పేజీలు, పదకొండోదిగా 'వదిలేయండి' అని కూడా వేయండి. సమీక్షలు రాసే మనం, 'తలపండిన' అనే మాటని ఈసారి ఒక రచయిత్రి పేరుకి ముందు పెట్టి చూద్దాం. ఆవిడ జుట్టుకి రంగు ఉందా లేదా అని చూడకుండానే.

ఇది రాసేనాటికి నాకు పదిహేడో రోజు. దాదాపు ఆరు మిల్లీమీటర్లు. సాయంత్రం ఒక పుస్తకావిష్కరణ ఉంది, వెళ్తున్నాను.