మూసలో పోసిన కోడు

కథలను విమర్శించేటప్పుడు "మూస" అన్న మాట తిట్టు. ప్రోగ్రాములు రాసే మా వృత్తిలో మాత్రం అదొక సదుపాయం. ఎక్లిప్స్‌లో ఒక ఇంటర్‌ఫేసు పేరు చెప్పి మీట నొక్కితే చాలు, కావలసిన మెథడ్లన్నీ క్షణంలో వరుసగా వచ్చి నిలబడతాయి. ఇ.ఎం.ఎఫ్. అనే ప్లగిన్ ఇంకా ముందుకు పోయి, డేటా నమూనా ఇస్తే జెట్ అనే మూసల సాయంతో క్లాసులకు క్లాసులే పుట్టిస్తుంది. ఈ చాకిరీ అంతా చేత్తోనే చేయాలనే ఛాందసం నాకు లేదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే: అస్థిపంజరం తాను అస్థిపంజరమని ఒప్పుకోవాలి.

ఖాళీ మెథడులో ఏమి ఉండాలన్నది మూస రాసినవారి నిర్ణయం. ఎక్లిప్స్ మూస అక్కడ "టూడూ" అని ఒక వ్యాఖ్య పెట్టి, నల్ అనో సున్నా అనో ఫాల్స్ అనో తిరిగి పంపుతుంది. కంపైలరు తృప్తిపడుతుంది. పైన పటారం, లోన లొటారం. అదే చోట నెట్‌బీన్స్ మూస "ఇది ఇంకా లేదు" అన్న అర్థం వచ్చే ఎక్సెప్షను విసురుతుంది. విజువల్ స్టూడియోలో సి షార్ప్‌కూ ఇదే పద్ధతి. మొదటిది మర్యాదగానూ రెండవది మొరటుగానూ కనిపిస్తాయి. నేను మొరటుదాని పక్షం. ఖాతాలో నిల్వ సున్నా కావడం వేరు, ఆ నిల్వను లెక్కకట్టే కోడు ఇంకా ఎవరూ రాయకపోవడం వేరు.

క్యాచ్ మూస ఇంతకంటె ప్రమాదకారి. ఎక్సెప్షనును పట్టుకుని, ప్రింట్ స్టాక్ ట్రేస్ అన్న ఒక్క వాక్యంతో దాని వివరాలు కన్సోలులో కుమ్మరించి, ఏమీ జరగనట్టు కింది వరుసకు సాగిపోతుంది. రాత్రిపూట తనంతట తాను నడిచే ప్రోగ్రాముకు కన్సోలు చూసేదెవరు? కొన్నేళ్ళ క్రితం నా ప్రోగ్రామొకదానిలో ఆ మూస అలాగే మిగిలిపోయింది. ఒకనాడు రావలసిన ఫైలు రాలేదు. ప్రోగ్రాము మాత్రం చివరిదాకా నడిచి, "పూర్తయింది" అని లాగులో రాసుకుని ముగిసింది. మరి రెండు రాత్రులు అదే తంతు. నాలుగవనాడు లెక్కల విభాగంలోని ఒకావిడ ఫోను చేసి, సోమవారం నుండి ఒక్క పద్దూ చేరలేదేమని అడిగారు. ఆ వరుసలు నేను రాసినవి కావు, చదివినవీ కావు. ఫైలు తలమీద రచయితగా ఉన్నది మాత్రం నా పేరే. (దాన్ని చేర్చినదీ మూసే!)

ఈ విషయంలో ఇ.ఎం.ఎఫ్. పద్ధతి నాకు నచ్చుతుంది. తాను పుట్టించిన ప్రతి మెథడు పైనా వ్యాఖ్యలో "జెనరేటెడ్" అని గుర్తు పెడుతుంది. మనం చేత్తో మార్చినప్పుడు దాని పక్కన "నాట్" అని చేర్చాలి. మరచిపోతే తరువాతిసారి మన మార్పును నిర్దాక్షిణ్యంగా తుడిచేస్తుంది. కానీ ఎవరు రాసినది ఏదో అక్కడే తెలిసిపోతుంది.

ఎక్లిప్స్ మూసలను మనమే మార్చుకోవచ్చు. ప్రిఫరెన్సుల్లో జావా, అందులో కోడ్ స్టైల్, అందులో కోడ్ టెంప్లేట్స్. అక్కడి క్యాచ్ మూసను, పట్టుకున్నదాన్ని రన్‌టైమ్ ఎక్సెప్షనులో చుట్టి మళ్ళీ విసిరేటట్లు మార్చాను. పాత ప్రోగ్రాములో ఉన్నవాటిని చేత్తోనే దిద్దాను. ఆ వారంలోనే అది రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. ఇదివరకు ఇలా ఆగేది కాదే అని నా సహోద్యోగి విసుక్కున్నారు. వెళ్ళి చూస్తే, రెండుసార్లూ ఫైలు రాలేదు.