కప్పు మాటున దాగిన పని

రేకుల కప్పు క్రింద పార్సిళ్ళ లెక్క వ్రాసే రైల్వే గుమాస్తా గాని, టపా సంచుల దుమ్ములో ఉత్తరాలు వేరుచేసే ఆర్.యం.యస్. సార్టరు గాని దశాబ్దాలుగా అడుగుతూ వచ్చినది విలాసం కాదు. మనిషి నిలబడి పనిచేయడానికి తగిన గాలి. మన రైళ్ళలో ఉన్నత తరగతి ప్రయాణికునికి చల్లదనం 1934లోనే ఫ్రాంటియర్ మెయిల్‌లో మంచు దిమ్మెల రూపంలో లభించినది. 1980 దశకంలో కంప్యూటర్లు ప్రవేశించినప్పుడు వాటికి చల్లని గదులు వెంటనే సిద్ధమైనవి. ఉద్యోగి వంతు మాత్రం చివరకు వచ్చినది. నేడు అనేక కార్యాలయాలలో, సార్టింగు హాళ్ళలో పైకప్పుకు బిగించే క్యాసెట్ ఏసీలు కనబడుతున్నవి. ఇది మనం ఆహ్వానించవలసిన పరిణామమే.

అయితే మీట నొక్కి చల్లని గాలిని అనుభవించే ముందు మనం ఒక ప్రశ్న వేసుకోవలసియున్నది. ఆ యంత్రాన్ని కప్పుకు ఎక్కించినవారెవరు? ఏ విధంగా ఎక్కించారు? అందుకు జవాబుదారీ ఎవరు?

ఈ పని చూడడానికి సులభంగా తోచును గాని సులభమైనది కాదు. సుమారు 25 నుండి 30 కిలోల బరువుగల యంత్రాన్ని నాలుగు ఇనుప కడ్డీలతో కాంక్రీటు శ్లాబుకు వ్రేలాడదీయవలెను; ఫాల్స్ సీలింగు చట్రంపై దాని భారం ఇసుమంతయు పడరాదు. యంత్రం మట్టంగా నిలవవలెను. నీరు పోయే గొట్టానికి నూరుకు ఒక వంతైనా వాలు ఉండవలెను. రాగి గొట్టాలను అతికే సమయంలో వాటి లోపల నైట్రోజన్ సన్నగా ప్రవహించుచుండవలెను. లేనియెడల లోపలి గోడలకు నల్లని పొట్టు పట్టి, అదే తర్వాత కంప్రెసరును దెబ్బతీయును. అతుకులు పూర్తియైన పిమ్మట నైట్రోజన్‌నే ఒత్తిడితో నింపి, ఆ ఒత్తిడి తగ్గకుండా నిలిచినదా లేదా అని గంటల తరబడి పరీక్షించవలెను. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను 500 మైక్రాన్లకు దిగువ వరకు తొలగించవలెను. గ్యాస్‌ను వదలడం అటు పిమ్మటనే. ఆర్-410ఏ గ్యాస్ పాత ఆర్-22 కంటె సుమారు 1.6 రెట్లు అధిక పీడనంతో పనిచేయును గనుక, ఒక్క ఫ్లేర్ జాయింటు వదులైనా ఉపేక్షించదగినది కాదు.

టెండరు ఈ పనిని ఏ విధంగా లెక్కిస్తున్నది? యంత్రాలు ఎన్ని, గొట్టం ఎన్ని మీటర్లు — బిల్లు చెల్లింపుకు ఈ రెండు లెక్కలే ప్రధానం. గొట్టంలో నైట్రోజన్ పారినదా, వ్యాక్యూమ్ పంపు ఎంతసేపు తిరిగినది అన్నవి కొలతల పుస్తకంలోకి ఎక్కవు. తక్కువ ధర వేసినవానికే పని దక్కే పద్ధతిలో, మార్చి 31 లోపు నిధులు ఖర్చు చేయవలెనన్న తొందరలో, మొదట కోతపడేది కంటికి కనబడని ఈ పనులకే. ఫాల్స్ సీలింగు పలక మూసిన తర్వాత తప్పును పట్టుకోగలవారెవరు? మొదటి వేసవిలో యంత్రం బాగానే నడచును. రెండవ వేసవిలో గ్యాస్ తగ్గును, నీరు ఫైళ్ళ మీద, మెయిల్ సంచుల మీద కారును. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకున్నట్లు మరొక టెండరు పిలుస్తారు.

ఈ పొదుపుకు మూల్యం చెల్లించేది యంత్రం మాత్రమే కాదు. నడుముకు బెల్టు లేకుండా నిచ్చెన చివరి మెట్టుపై నిలబడి, భుజంపై యంత్రాన్ని మోసే కుర్రవాడు చెల్లిస్తున్నాడు. పాత యంత్రంలో ఆర్-22 మిగిలియుండగా గొట్టానికి మంట తగిలినచో ఆ గ్యాస్ విచ్ఛిన్నమై ఆమ్ల వాయువులు, కొంత ఫాస్జీన్ విషవాయువు వెలువడును. నేడు విరివిగా వాడే ఆర్-32 స్వల్పంగా మండే స్వభావం గలది. నైట్రోజన్ సిలిండరు అందుబాటులో లేదని ఆక్సిజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయడం కంప్రెసరు నూనెతో కలిసి ప్రేలుడుకు దారితీయును. ఈ సంగతులు ఆ కుర్రవానికి ఎవరైనా చెప్పినారా? ఐ.టి.ఐ.లలో ఈ వృత్తికి రెండు సంవత్సరాల శిక్షణ కలదు. అట్టి శిక్షణ పొందినవారినే పంపవలెనని సబ్ కంట్రాక్టరును నిర్బంధించేవారు లేరు.

చట్టం కూడా అతనికి దూరమైనది. 1970 నాటి కంట్రాక్టు కార్మిక చట్టం 20 మంది, అంతకు మించిన సంఖ్య గల చోట్ల వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 50కి పెంచినది. నలుగురైదుగురితో పని చేయించే సబ్ కంట్రాక్టరు ఆ గీతకు చాలా దిగువనే నిలిచిపోవుచున్నాడు. చట్టపు గీత ఎక్కడ ఉన్నప్పటికీ, తన కప్పు క్రింద జరిగే పనికి శాఖ బాధ్యత శాఖదే.

"అది కంట్రాక్టరు మనుష్యుల వ్యవహారం, మనకేమి?" అని మనలో కొందరు అనుకోవచ్చును. ఇది పొరపాటు. క్యాసెట్ ఏసీ చాలవరకు గదిలోని గాలినే మరల మరల త్రిప్పును. కిటికీలు మూసివేసి, బయటి గాలికి మార్గం ఏర్పాటు చేయకపోయినచో, సంచుల దుమ్మును, ఒకరి దగ్గును మరొకరు పీల్చవలసినదే. 2020 కోవిడ్ కాలం నేర్పిన పాఠాన్ని అప్పుడే మరువరాదు. కప్పుకు సరిగా బిగించని యంత్రం క్రింద కూర్చునేది కంట్రాక్టరు కాదు, మనమే.

మరొక కోణం కూడా కలదు. గాలిలోకి వదలిన ఒక కిలో ఆర్-410ఏ నూరు సంవత్సరాల లెక్కన రెండు వేల కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కించును. కిగాలి సవరణను మన దేశం 2021లో ఆమోదించినది. ఈ జాతి వాయువుల వాడకాన్ని 2028 నుండి స్తంభింపజేసి, 2047 నాటికి 85 శాతం తగ్గించవలసియున్నది. కారుతున్న జాయింటును సరిచేయక ఏటేటా గ్యాస్ నింపించే కార్యాలయం ఆ మాటకు విరుద్ధంగా నడుస్తున్నది.

రైల్వేలో పట్టా మార్చిన పిదప గేజి కొలవకుండా బండిని వదలము. తపాలాలో రిజిస్టరు ఉత్తరం రసీదు లేకుండా చేయి మారేది కాదు. ఇదే నియమాన్ని కప్పు మాటున జరిగే పనికి కూడా వర్తింపజేయవలెనని మన కోరిక. రైల్వేలో 1952 నుండి పి.యన్.యం., కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1966 నుండి జె.సి.యం. వేదికలు కలవు. ఆ వేదికలలో మన శాఖలు ఈ క్రింది కోర్కెలను చేర్చవలెను:

1. ఒత్తిడి పరీక్ష, వ్యాక్యూమ్ కొలత, కప్పుకు బిగింపు — ఈ మూడింటిని ఫాల్స్ సీలింగు మూయక ముందే ఉద్యోగుల ప్రతినిధి సమక్షంలో తనిఖీ చేసి నమోదు చేయవలెను.

2. ఈ పనులను టెండరులో విడి అంశాలుగా చూపి, విడిగా ధర కట్టవలెను.

3. శిక్షణ పొందిన మెకానిక్కులనే నియమించవలెను. పరంజా, నడుము బెల్టు, కళ్ళద్దాలు లేనిదే పని మొదలు పెట్టరాదు.

4. ప్రతి హాలుకు బయటి గాలి వచ్చే ఏర్పాటు ఉండవలెను. ఫిల్టర్లు శుభ్రపరచే తేదీలను గోడపై ప్రకటించవలెను.

5. నిర్వహణ నిమిత్తం శాఖలోని ఎలక్ట్రికల్ ఆర్టిజన్ ఖాళీలను భర్తీ చేయవలెను.

సోదర సోదరీమణులారా! వచ్చే వేసవికి మీ కార్యాలయానికి ఏసీలు వచ్చినచో, మొదట ఆ నిచ్చెన వద్దకు పోయి పైనున్న వానిని పలుకరించండి. నీకు బెల్టు ఇచ్చినారా, నైట్రోజన్ తెచ్చినారా అని అడగండి. అతడు మన సంఘ సభ్యుడు కాకపోవచ్చును. అతని చేతిపని నాణ్యతపైననే మన ఆరోగ్యం, అతని భద్రతపైననే మన సంఘ గౌరవం ఆధారపడియున్నవి. అతడు లేవనెత్తలేని ప్రశ్నను మనం లేవనెత్తుదము.