తినని చేపను ఎందుకు పట్టినట్టు?



టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు మొన్న ఒక ఫోటో పంపినాడు. సరస్సు ఒడ్డున మోకాటి లోతు నీటిలో నిలబడి, రెండు చేతుల మీద ఒక పెద్ద చేపను పడుకోబెట్టుకొని ఉన్నాడు. ఆకుపచ్చని ఒళ్ళు, పక్కన నల్లని చార, మొహమంతా నోరే. లార్జ్‌మౌత్ బాస్ అంటారట. "మామా, నాలుగు కిలోల పైనే తూగింది. సన్నదారం, తేలికైన కట్టెతో పట్టినా. ఇరవై నిమిషాలు ఆడించినా. ఫోటో దిగి మళ్ళీ నీళ్ళలోకి వదిలేసినా" అని రాసినాడు. పట్టినందుకు ఎంత గర్వమో, వదిలినందుకు అంతకు రెట్టింపు గర్వం వాని మాటల్లో కనిపించింది.

ఆ ఫోటో మా అక్కకు, అంటే వాని తల్లికి, చూపించినాను. ఆమె కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూసి ఒకే ఒక్క మాట అడిగింది. "తినని చేపను ఎందుకు పట్టినట్టు వీడు?"

నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన వాణ్ణి గనుక, ప్రశ్న విన్న వెంటనే జవాబు చెప్పడం నాకు అలవాటు. ఈ ప్రశ్నకు మాత్రం వారం రోజులు తడుముకున్నాను. ఆ తడుములాటే ఈ టపా.

మొదట మేనల్లుని పక్షం చెప్పాలి. అమెరికాలోనూ ఈ ఆచారం పుట్టుకతో వచ్చింది కాదు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే రైతు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్‌ను, అంటే పది కిలోల పైచిలుకు చేపను, పట్టినాడు. ప్రపంచ రికార్డు అది. ఆయన దానిని తూకం వేయించి, ఇంటికి తీసుకుపోయి, కుటుంబంతో కలిసి తిన్నాడు. కరువు రోజులవి. మా అక్క ప్రశ్న ఆయనకు ఎదురయ్యే అవకాశమే లేదు. తర్వాత జనం పెరిగినారు, పడవలు పెరిగినాయి, పందేలు మొదలైనాయి. పందెంలో పట్టిన చేపలన్నీ చచ్చి కుప్పపడుతుంటే, ఆ పందేలను నడిపిన రే స్కాట్ అనే ఆయనే 1972లో పట్టిన చేపను చంపవద్దనే ప్రచారం ఎత్తుకున్నాడు. టెక్సాస్ ప్రభుత్వం 1986 నుంచి ఇంకో అడుగు ముందుకు వేసింది. 13 పౌండ్లు దాటిన బాస్‌ను పట్టినవాడు దానిని ప్రాణంతో ప్రభుత్వానికి అప్పుగా ఇస్తే, దానిచేత గుడ్లు పెట్టించి పిల్లలను సరస్సులలో వదులుతారు. పెద్ద చేపను కాపాడుకోవడంలో గట్టి న్యాయమే ఉన్నది. చేప పెద్దదయ్యే కొద్దీ దాని సంతానం దాని బరువుకు మించిన వేగంతో పెరుగుతుంది. రెండు కిలోల తల్లులు రెండు కలిసినా నాలుగు కిలోల తల్లికి సాటిరావని తాత్పర్యం. 342 జాతుల సముద్రపు చేపలను పరిశీలించి 2018లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి ప్రకటించినారు.

ఇదంతా పాశ్చాత్యుల వ్యవహారమని తోసివేయడానికీ వీలు లేదు. మన తుంగభద్ర సీమను కూడా ఏలిన కల్యాణీ చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో మానసోల్లాసమనే గ్రంథం కూర్చినాడు. అందులో మత్స్యవినోదమని ఒక ప్రకరణం ఉన్నది. ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ ఎర వేయాలి, కట్టె ఎట్లుండాలి, దారం ఎట్లుండాలి అన్నీ చెప్పినాడు. సుందర్‌లాల్ హోరా అనే మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దానిని పరిశీలించి లోకానికి తెలిపినాడు. సోమేశ్వరునిలో నాకు నచ్చిన గుణం ఒకటున్నది. ఆయన దానికి వినోదమనే పేరు పెట్టినాడు. దయ అనలేదు, ధర్మం అనలేదు.

చేపను విడిచిపెట్టిన కథ మనకు అంతకంటె పాతది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటూ ఉంటే దోసిట్లోకి ఒక చిన్న చేప వస్తుంది. తనను కాపాడమంటుంది. ఆయన దానిని మొదట కుండలో, తర్వాత గుంటలో, చివరకు సముద్రంలో వదులుతాడు. ప్రళయం వచ్చినప్పుడు ఆ చేపే ఆయన ఓడను లాగి కాపాడుతుంది. ఈ కథను తరగతిలో ఎన్ని మార్లు చెప్పినానో లెక్కలేదు. ఒక విషయం మాత్రం ఇప్పుడే తోచింది. మనువు గాలం వేయలేదు. చేప తానుగా వచ్చింది.

ఇక నా సంగతి. కె.సి. కాలువ నీరు చేరే ఒక చెరువు మా చిన్ననాటి లోకం. సుంకేసుల నుంచి కడప దాకా సాగే ఆ కాలువ 1860లలో తవ్వినది. కాలువ పారినన్నాళ్ళు చెరువులో నీళ్ళు, నీళ్ళున్నన్నాళ్ళు కొర్రమీను. అమెరికావారికి బాస్ ఎట్లాంటిదో మనకు కొర్రమీను అట్లాంటిది. గడ్డిలో, తామరాకుల కింద పొంచి ఉండి కప్పను, చిన్న చేపను ఒక్కపెట్టున మింగుతుంది. వానలు పడిన తర్వాత గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా ఉండి, గుంపుగా నీటి పైకి వచ్చి గాలి పీల్చుకొని దిగుతుంటాయి. దూరం నుంచి చూస్తే నీళ్ళు ఒకచోట ఉడుకుతున్నట్టు ఉంటుంది. ఆ ఎర్రని గుంపు కింద తల్లో తండ్రో కావలి కాస్తూ ఉంటుంది.

ఇది తెలిసిన పిల్లవానికి వేటలో కష్టం లేదు. పన్నెండేళ్ళ వయసులో నేను చిన్న కప్పను గాలానికి గుచ్చి సరిగ్గా ఆ గుంపు మధ్యలో వేసినాను. కింద ఉన్న చేప ఎగిరి పట్టింది. అది ఆకలితో పట్టలేదు, పిల్లల జోలికి వచ్చినదనే కోపంతో పట్టింది. మా ఊళ్ళో అంత పెద్ద కొర్రమీను ఆ ఏడాది ఎవరికీ పడలేదని మెచ్చుకున్నారు. ఇంట్లో పులుసు పెట్టినారు. మరునాడు చెరువుకు పోతే ఆ ఎర్రని గుంపు సగమైంది. మూడో నాటికి లేదు. చిన్నా చితకా చేపలు, నీటికాకులు పంచుకున్నాయి. ఆ రోజు నాకు బాధ కలగలేదని ఒప్పుకోవాలి. ఆ బాధ రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఆనాడు నేను ఆ చేపను తినకుండా, పావుగంట ఆడించి వదిలి ఉంటే ఆ పిల్లలు బతికేవా?

దీనికి జవాబు బాస్ దగ్గరే దొరికింది. బాస్‌లో వసంతకాలంలో గూడు చేసి కావలి కాసేది తండ్రి. దానిని గాలంతో లేపిన కొద్ది నిమిషాలకే బ్లూగిల్ అనే చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లను తింటాయి. వదిలిన తండ్రి అలసి తిరిగివచ్చేసరికి గూడు ఖాళీ. కొన్ని మార్లు అది కావలి కూడా మానేస్తుంది. తండ్రి బతికింది కాబట్టి పట్టినవానికి పుణ్యం వచ్చినట్టే కనిపిస్తుంది. పోయిన సంతానం ఫోటోలో పడదు.

సన్నదారం గొప్పతనం కూడా నాకు సందేహమే. బలమైన కట్టెతో లాగితే చేపకు అవకాశం లేదని, తేలిక సరంజామాతో పట్టడం సమవుజ్జీ పోరాటమని వేటగాళ్ళు అంటారు. మనిషి వైపు నుంచి అది నిజం. చేప వైపు నుంచి చూడండి. దారం ఎంత సన్నమైతే అంతసేపు లాగలేము, అంతసేపు అది కొట్టుకుంటుంది. కండరాలలో ఆమ్లం పేరుకుంటుంది. ఆ అలసట తీరాలంటే నీటిలో ప్రాణవాయువు కావాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ప్రాణవాయువు, 30 డిగ్రీల నీటిలో 7.5 మిల్లీగ్రాములకు మించి కరగదు. పైగా వేడి నీటిలో చేపకు కావలసిన వాయువు ఎక్కువ. మా కర్నూలు, కడప ఎండలలో ఏప్రిల్, మే నెలల చెరువునీరు చేతికి వెచ్చగా తగులుతుంది. ఆ నీటిలో ఇరవై నిమిషాలు ఆడించి వదిలిన చేప తోక ఆడించి లోపలికి పోతుంది. మనం తృప్తిగా ఇంటికి వస్తాము. అది లోపల ఏ గంటకు వెల్లకిలా పడిందో ఎవరు చూసినారు? గాలి పీల్చగల కొర్రమీను ఒకవేళ తట్టుకుంటుంది. బొచ్చెకు, రాగండికి ఆ వసతి లేదు.

బొచ్చె మాట వచ్చింది గనుక ఇంకొక మెలిక. బొచ్చె, రాగండి, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే ఏటి వరద కావాలి. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి గారు సూదిమందుతో ఈ కోవకు చెందిన చేపలచేత గుడ్లు పెట్టించిన తర్వాతనే చెరువులలో ఏటేటా పిల్లలను కొని వదిలే పద్ధతి విస్తరించింది. మేనెలలో ఎండిపోయే మన చెరువులో పెద్ద బొచ్చెను వదలడం తల్లిని కాపాడడం కాదు. దానిని ఎవరైనా వండుకోవడమే న్యాయం. అదీ చెరువును పాడుకున్న మత్స్యకారుల సొత్తు. వదలడానికీ తినడానికీ మనకు హక్కు లేదు.

తావు మారితే ధర్మమే తలకిందులవుతుంది. జపాన్‌లోని బివా సరస్సులో 2009లో ఒకాయన పెర్రీ రికార్డుకు సమానమైన బాస్‌ను పట్టినాడు. అదే సరస్సులో పట్టిన బాస్‌ను తిరిగి నీటిలో వదలడం 2003 నుంచి నిషిద్ధం. అమెరికా నుంచి వచ్చిన ఆ చేప అక్కడి చేపలను మింగుతున్నది గనుక. స్విట్జర్లాండులో 2008 నాటి నిబంధనల ప్రకారం వదిలిపెట్టే ఉద్దేశంతో చేపను పట్టడమే తప్పు. నొప్పి పెట్టడానికి ఆహారం ఒక కారణం కావచ్చును గాని వినోదం కారాదని వారి భావం. మా అక్క ఆ దేశపు నిబంధనలు చదవలేదు. ప్రశ్న మాత్రం అదే వేసింది.

అయితే నేను స్విట్జర్లాండు పక్షం పూర్తిగా వహించలేను. కావేరిలో గాలిబోరె దగ్గర చేపను పట్టి వదిలే వేటగాళ్ళు 1998 నుంచి 2012 దాకా ప్రతి చేప జాతినీ, బరువునూ పుస్తకాలలో రాసిపెట్టినారు. పైనుంచి తెచ్చి వదిలిన మహసీర్ జాతి పెరిగిపోయి, కావేరికే సొంతమైన మూపురపు మహసీర్ తరిగిపోతున్నదని 2015లో లోకానికి తెలిసింది ఆ లెక్కల వలననే. అది అంతరించే అంచున ఉన్నదని 2018లో ప్రకటించినారు. గాలం పట్టినవాడు లెక్కరాయకుంటే ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. నదిని ప్రేమించేవారిలో వేటగాళ్ళూ ఉన్నారు. కాదనను.

మన తుంగభద్ర పైన, తుంగ ఒడ్డున, శృంగేరి మెట్ల దగ్గర చేపలను ఎవరూ పట్టరు. పెద్ద పెద్ద మహసీర్లు మనుషుల కాళ్ళ దగ్గరికి వచ్చి బొరుగులు తింటాయి. పిల్లలు కేరింతలు కొడుతూ చూస్తారు. చేపను దగ్గరగా చూసే ఆనందానికి గాలం తప్పనిసరి కాదని ఆ మెట్లు చెబుతున్నాయి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. విడిచిపెట్టడం మంచిదే కాని, ఆ మంచితనం చేప చేతికి వచ్చిన తర్వాత మొదలయ్యేది కాదు. గాలం వేయకముందే మొదలు కావాలి. పిల్లలకు కావలి కాసే వేళ గాలం వేయరాదు. నడివేసవిలో ఆడించరాదు. పెద్ద చేప ఉన్న నీటిలో దానిని త్వరగా లాగగల బలమైన దారమే వాడాలి. వెనుకకు జారనివ్వని ఎదురుముల్లును గాలం నుంచి నొక్కివేయాలి. ఒంటి జిగురు చెదరకుండా చేతులు తడిపి పట్టుకోవాలి. ఫోటో కోసం దవడ పట్టి వేలాడదీయరాదు. తినేవారు నడిమి సైజు చేపను తిని, పెద్ద కొర్రమీనును వదలాలి. ఇన్ని చేసిన తర్వాత కూడా దానిని వినోదమనే పిలవాలి. సోమేశ్వరునికి ఉన్న నిజాయితీ మనకు ఉంటే చాలును.

ఇవన్నీ మేనల్లునికి రాసినాను. "మామా, గూళ్ళ కాలంలో ఇక వేయను. సన్నదారం సంగతి ఆలోచిస్తా" అని జవాబు ఇచ్చినాడు. అక్కకు చదివి వినిపించినాను. ఆమె శనగకాయలు ఒలుస్తూ అంతా విని, "ఇంత కథ ఎందుకప్పా? పట్టకముందే వదిలెయ్యమను" అన్నది.

మీ ఊరి చెరువులలో, కుంటలలో, కొర్రమీను పిల్లల గుంపును చూసినప్పుడు పెద్దలు పాటించిన కట్టుబాట్లు ఏవైనా ఉంటే తెలియజేయండి. నేను పన్నెండేళ్ళప్పుడు నాకు ఎవరైనా చెప్పి ఉండవలసిన మాటలు అవి.