భంగారా, బంగారమా?



పోయిన ఆదివారం మేము పెట్టిన జీపు ఫోటో చూసి చాలామంది నవ్వుకున్నారు. "ఈ తుప్పు డబ్బాకు ఇంత ఖర్చెందుకు? భంగార్‌వాడిని పిలిస్తే కిలో లెక్కన తీసుకుపోతాడు కదా" అని ఒక పెద్దాయన రాశారు. మాకు కోపం రాలేదు. ఐదేళ్ల కింద ఆ మాట మేమూ అన్నాం. అప్పుడు అన్నది సాంచెల గురించి.

కాల్హేర్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు సాంచెలు నడిచేవి. గిట్టుబాటు కాక ఆపేశాం. కొన్నాళ్లకు సుత్తెలతో పగలగొట్టించి, తూకం వేయించి, టెంపో ఎక్కించాం. ముప్పై ఏళ్లు వాటిని చూసుకున్న మా జాబర్ అన్న గేటు దగ్గర నిలబడి చూశాడు. ఒక్క మాట అనలేదు. మరుసటి నెల నుంచి గోదాములో కాపలా డ్యూటీకి పోతున్నాడు. చప్పుడు విని ఏ సాంచెలో ఏ భాగం అరిగిందో చెప్పగల మనిషి ఇప్పుడు లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. ఆ రోజు ఇనుముతో పాటు ఆయన పనిని కూడా తూకానికి వేశామని మాకు ఆలస్యంగా తెలిసింది.

అదే షెడ్డు మూలకు, టార్పాలిన్ కింద, మా బాపు కొన్న జీపు మిగిలింది. 1971 నాటి మహీంద్రా సీజే త్రీబీ. సినిమాల్లో కన్వర్టిబుల్ కారు చూసి మురిసిపోతాం గాని, మనకు అందిన కన్వర్టిబుల్ ఇదే. ముందు అద్దం బానెట్ మీదికి మడిచి, గుడ్డ టాప్ తీసేస్తే పైన ఆకాశమే. మన వాళ్ల పెళ్లిళ్లలో ఎన్ని బరాత్‌లకు పోయిందో లెక్క లేదు.

దీన్ని బాగు చేద్దామని జాబర్ అన్నను అడిగాం. సెలవు రోజున వచ్చాడు. వస్తూనే స్క్రూడ్రైవర్ తీసుకుని డ్రైవర్ కాళ్ల కింది రేకును గుచ్చాడు. అట్టముక్కలో దిగినట్టు దిగింది. "రంగు చూసి మోసపోవద్దు, గుచ్చి చూడాలె" అన్నాడు. మరాఠీ వాళ్లు గంజ్ అంటారు, మనం తుప్పు అంటాం, దాని పని మాత్రం ఒకటే. నాలుగు నెలల వాన, పక్కనే ఖాడీ నుంచి ఉప్పుగాలి. నేల రేకు కింది పట్టీల్లో బురద చేరి, తడి ఆరక, లోపలి నుంచి తింటుంది. పైన పుట్టీ పెట్టి రంగు కొడితే రెండు వానాకాలాలకు మళ్లీ పొక్కులు లేస్తాయి. మంచి ఇనుము దొరికేదాకా కోసి, అదే మందం రేకు అతికించాలి. వేరే దారి లేదు.

ఇంట్లో ఇలాంటి పని పెట్టుకునే తమ్ముళ్లకు రెండు మాటలు. ఈ జీపులో పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. వెల్డింగ్‌కు ముందు దాన్ని విప్పి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు, లోపల మిగిలిన ఆవిరే పేలుతుంది. రెండోది, దీని బ్రేకులన్నీ ఒకే నూనె లైను మీద నడుస్తాయి. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకే ముందు బ్రేకు, తర్వాత ఇంజిన్, రంగు చిట్టచివర. పాత బ్రేకు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

టాప్ గుడ్డ కోసం క్యాన్వాస్ తెచ్చాం. మా అమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టి చూసి, "పడుగు జోడు పోగులు" అంది. నిజమే, గట్టి క్యాన్వాస్‌లో పడుగు పోగులు రెండేసి కలిసి పోతాయి. కారు కప్పు కూడా మగ్గం మీద పుట్టిందే.

కొందరు పిల్లలు డీజిల్ ఇంజిన్ వేసి, బాడీ మార్చి, బరాత్‌లకు కిరాయికి తిప్పమన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలా ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటికే అవి వర్తిస్తాయి. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000. ప్రదర్శనకు, ర్యాలీకి తీసుకుపోవచ్చు గాని కిరాయికి తిప్పకూడదు. అంటే పాతదాన్ని పాతదిగా నిలబెట్టిన పనికే అక్కడ విలువ.

ఇక అసలు మాట. ఇప్పటిదాకా మాకు రూ.62,000 అయింది. అందులో రూ.18,000 జాబర్ అన్న కూలి. దానికే ఎక్కువ విమర్శ వచ్చింది. "మనవాడే కదా, చాయ్ తాగించి చేయించుకోవాల్సింది" అన్నారు. ఇక్కడే మేము ఒప్పుకోం. రేపియర్ మగ్గానికి లక్షలు పోస్తాం, బయటి మెకానిక్ అడిగినంత ఇస్తాం, మన జాబర్‌కు మాత్రం చాయ్‌తో సరిపెడతాం. ఆ పని నేర్చుకోమంటే పిల్లలు ఎందుకు నేర్చుకుంటారు?

హైదరాబాద్ పోయినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్ ముందు నిలబడి అందరం ఫోటోలు దిగాం. దాన్ని కాపాడటానికి ఒక ప్యాలెస్ ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి వచ్చి ఈ ఊళ్లో మన పెద్దలు నడిపిన సాంచె ఒక్కటైనా, నడిచే స్థితిలో, మన పిల్లలకు చూపించడానికి మన సంఘం దగ్గర ఉందా?

అన్నీ దాచుకోమని మేము అనడం లేదు. ఛాసిస్ కుళ్లిన బండిని వదిలేయాల్సిందే. చదువుల నిధిలోంచి ఒక్క రూపాయి తీయమనీ అడగడం లేదు. నెలకు ఒక్క ఆదివారం పద్మనగర్‌లోనో, కామత్‌ఘర్‌లోనో ఒక షెడ్డు తెరిచి, పాత జాబర్లను పిలిచి, వాళ్లకు కూలి కట్టించి, పిల్లల చేతికి పానాలు ఇద్దాం. పాడైన కుట్టుమిషన్ అయినా సరే, సాంచె అయినా సరే. ఖర్చు ఆ వస్తువు యజమాని పెట్టుకుంటాడు. ఒక్క సాంచె మాత్రం సంఘం పేరు మీద నిలబెడదాం.

వచ్చే ఆదివారం మా షెడ్డులో ఇంజిన్ విప్పుతున్నాం. జాబర్ అన్న పొద్దున తొమ్మిదికి వస్తాడు. పిల్లలను తీసుకుని రండి, పాత బట్టలు వేయించండి. మా ఆలోచన తప్పనిపిస్తే అక్కడే ముఖం మీద చెప్పండి. ఈ లోపల ఎవరైనా సాంచె అమ్మకానికి పెట్టి ఉంటే, టెంపో పిలిచే ముందు మాకొక ఫోన్ చేయండి.