అన్నం పెట్టి నోరు కొనుక్కుంటామా?

చలికాలం వచ్చిందంటే మన ఆడవాళ్ళ ధ్యాస స్వెట్టర్ల మీదికి పోతుంది. వికారాబాద్ చలి సంగతి ఆ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. అనంతగిరి కొండల గాలికి, తెల్లారి ముగ్గు పెట్టడానికే చేతులు రావు. అంచేత కిందటేడు హైదరాబాద్ వెళ్ళినప్పుడు, టిబెటన్లు ఏటా పెట్టే దుకాణాల్లో ఓ స్వెట్టరు కొన్నాను. తిరుగు రైల్లో వికారాబాద్ దాటాక మా తాండూరు వదినె దాన్ని పట్టిచూసి ధర అడిగింది. ధరతో మొదలైన మాట ఆ అమ్మేవాళ్ళ మీదికి, అక్కణ్ణుంచి నేను చదువుతున్న కవి మీదికి మళ్ళింది.

ఆ కవి పేరు టెన్జిన్ త్సుందూ. 1959లో దలైలామా మన దేశం వచ్చాక, ఆ వెనకే వేలమంది టిబెటన్లు కొండలు దాటి వచ్చారు. ఇతని తల్లిదండ్రులూ అలా వచ్చినవాళ్ళే. హిమాలయాల్లో రోడ్డు కూలీలుగా రాళ్ళు మోశారు. మనాలీ దగ్గర, రోడ్డు పక్క గుడారంలో పుట్టాడు పిల్లవాడు. పుట్టిన తేదీ రాసుకునే తీరికెవరికి? అంచేత మూడు ఆఫీసుల్లో మూడు పుట్టినరోజులు పడ్డాయి. ఒక్కటీ జరుపుకోలేదని అతనే రాసుకున్నాడు.

మద్రాసు లయోలా కాలేజీలో డిగ్రీ అయ్యాక, 1997లో, అమ్మానాన్నల దేశం కళ్ళారా చూద్దామని లదాఖ్ మీదుగా ఒంటరిగా నడిచి టిబెట్‌లోకి వెళ్ళాడు. చైనా పోలీసులు మూడు నెలలు జైల్లో పెట్టి బయటికి గెంటేశారు. తర్వాత బొంబాయిలో ఎమ్మే చదువుతూ, తోటి విద్యార్థుల దగ్గర చేబదుళ్ళు తీసుకుని, 1999లో మొదటి కవితల పుస్తకం అచ్చు వేసుకున్నాడు. 2001లో ఓ వ్యాసానికి అవుట్‌లుక్-పికడార్ బహుమతి వచ్చింది. 2002లో చైనా ప్రధాని బొంబాయి వస్తే, ఆయన దిగిన హోటలుకు కట్టిన పరంజా పట్టుకుని పధ్నాలుగో అంతస్తు దాకా ఎక్కి, టిబెట్ జెండా ఎగరేశాడు. 2005లో బెంగుళూరులోనూ అంతే.

"మనం జాగిచ్చినం, తిండి పెట్టినం. సప్పుడు చేయక ఉండాలె గని, ఈ గోడలెక్కుడేంది, ఈ లొల్లేంది?" అంది వదినె.

వదినె ఒక్కతే కాదు, చదువుకున్న మగవాళ్ళు కూడా ఈ మాట అనడం విన్నాను. మన దేశం వాళ్ళకి చోటిచ్చిన మాట నిజం. కర్ణాటకలో బైలకుప్పెలాంటి చోట్ల భూములూ ఇచ్చింది. అది మనకి గర్వకారణమే. కానీ పెట్టిన తిండి ఊరికే పెట్టామా? మంచు కొండల్లో మన జవాన్లు, మన లారీలు పోయే రోడ్ల కోసం వాళ్ళు రాళ్ళు కొట్టారు. తాండూరు వాళ్ళకి రాయి సంగతి వేరే చెప్పాలా? మన గదుల్లో పరిచిన నాపరాళ్ళు గనిలోంచి వాటంతటవే నడిచి రాలేదు కదా!

పోనీ, అతను చుట్టమా? ఇక్కడే పుట్టాడు, ఇక్కడే చదివాడు. 1950 జనవరి 26కీ, 1987 జులై 1కీ మధ్య ఈ గడ్డ మీద పుట్టిన టిబెటన్ బిడ్డ పుట్టుకతోనే భారత పౌరుడని ఢిల్లీ హైకోర్టు 2010లో చెప్పింది. అలాంటివాడి చేతిలో విదేశీయుల చట్టం కింద ఇచ్చిన కాగితం పెట్టారు. అక్కడికి వెళితే పరాయివాడు, ఇక్కడ ఉంటే కాందిశీకుడు! ఇంక మాట్లాడ్డానికి కవిత్వం తప్ప వాడికి మిగిలిందేమిటి?

సరే, చుట్టమే అనుకుందాం. అన్నం పెట్టినంత మాత్రాన నోరు కూడా కొనేసుకున్నట్టేనా? ఈ ప్రశ్న మగవాళ్ళకి కొత్తగా ఉండొచ్చు గానీ, మనకి కాదు. "తిండికి లోటా, బట్టకి లోటా, నీకెందుకమ్మా ఈ మాటలు?" అని అత్తవారింట్లో వినని కోడలు ఎవరైనా ఉందా? పుట్టింటికి పోతే "నీ ఇల్లు అదే"నంటారు, అత్తింట్లో నోరు విప్పితే "మీ పుట్టింటి బుద్ధులు" అంటారు. రెండిళ్ళ మధ్య నిలబడిన మనిషికి మాట ఎంత అవసరమో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ కష్టం తెలిసీ, మనమే ఇంకొకణ్ణి నోరు మూసుకోమంటే ఎలా?

గోడ ఎక్కడం పోలీసులకి తలనొప్పే, కాదనను. దాని ఖరీదు అతనే చెల్లించాడు. పోలీసులు పట్టుకుపోతే వెళ్ళాడు. ఎవరి మీదా రాయి విసరలేదు. పట్టుకెళ్ళిందల్లా ఓ గుడ్డ మీద రాసిన నాలుగు మాటలు.

ఇదంతా వదినెతో అన్నాను. తాండూరు స్టేషను వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం స్వెట్టరు నా చేతికిస్తూ, "ధర మస్తు తగ్గించి తెచ్చినవు గని, ఆ అమ్మిన పిల్లది ఏ ఊరో, ఏం కతో అడిగినవా?" అంది.

అడగలేదు. ఇంత ఉపన్యాసం ఇచ్చిన నేనే అడగలేదు!