కార్తెల లెక్కయు, వానల పుస్తకమును

వైశాఖము గడచిన పిదప మావంటి వృద్ధులకు వేఱు పని యుండదు. తెల్లవారుజామున లేచి, వాకిట వేపచెట్టు క్రింది అరుగుమీద కూర్చుండి, గాలి యే మూలనుండి వీచుచున్నదో, చీమలు గ్రుడ్లను మోసికొని యెటు పోవుచున్నవో, తూనీగలు ఎంత యెత్తున నెగురుచున్నవో చూచుచుందుము. పడమటిగాలి తిరిగినచో ఇంటిలోని వారినందఱను పిలిచి చెప్పుదుము. వారు విందురు, విని తమ పనులకు పోవుదురు. ఇది మా యింటిమాట మాత్రమే కాదు. అనంతపురపు మెట్టపల్లెలలో ఏ వీధికి పోయినను అరుగుమీద ఇట్టి తాత యొకడు కానవచ్చును. ఈ తాతలను గూర్చియు, వారి కార్తెలను గూర్చియు, మన సంఘ సభ్యులు ఆలోచింపదగిన యొక చిన్న విషయమును గూర్చియు నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

కార్తెల లెక్కను మూఢాచారమని నవ్వువారు కొందఱు కలరు. వారు తెలిసి నవ్వుటలేదు. మన తిథులు చంద్రుని ననుసరించి నడచునవి. కావుననే ఏరువాక పున్నమి ఒకయేడు జూన్ మొదటి వారమునను, మఱియొకయేడు ఆ నెల చివరను వచ్చుచున్నది. పున్నమిని నమ్మి గింజ వేసినవాడు చెడును. కార్తె యట్టిది కాదు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమునందుండు 13, 14 దినముల కాలమే కార్తె. ఏడాదికి ఇట్టివి 27. రోహిణి మే 25 ప్రాంతమునను, మృగశిర జూన్ 8 ప్రాంతమునను, ఆరుద్ర జూన్ 22 ప్రాంతమునను ఏటేట తప్పక ప్రవేశించును. అధికమాసము వచ్చినను వానికి చలనము లేదు. అక్షరము రానివాడు సయితము ఈ పేళ్ళను వ్రేళ్ళమీద నుంచుకొని, ఏ గింజ యెప్పుడు వేయవలెనో, ఏ పురుగు ఎప్పుడు పుట్టునో, ఎప్పుడు కోతకు కూలీలను పిలువవలెనో గుర్తుంచుకొనెను. మా అవ్వకు సంతకము రాదు. కాని కార్తెలను వరుసగాను, వెనుకనుండి ముందునకును చెప్పగలిగెడిది. "ఉత్తర చూచి ఎత్తర గంప" యను సామెతను మేము మొదట ఆమె నోటనే వింటిమి. మన జిల్లాలో ఏడాది మొత్తముమీద ఎక్కువ వాన కురియునది సెప్టెంబరు నెలలో. ఆ నెల నడుమ వచ్చునదే ఉత్తర కార్తె. అప్పటికిని చినుకు లేనిచో ఇక నమ్మదగినది లేదు, గంప నెత్తికెత్తుకొని కూలికై ఊరు విడువుమని దాని భావము. నాలుగు మాటలలో ఇంత లెక్క నిమిడ్చినవారిని చూచి నవ్వుట యెట్లు?

ఇంత చెప్పిన పిదప మా తప్పును కూడ చెప్పవలసియున్నది.

2023వ సంవత్సరమున మృగశిర యంతయు ఎండిపోయెను. ఆరుద్ర ప్రవేశించిన మూడవనాటి రాత్రి ఉఱుములతో ఒక జల్లు కురిసెను. రేకులమీద చప్పుడు మిక్కుటముగా నుండుటచే మేము దానిని పెద్దవానయని తలచితిమి. తెల్లవారగనే గొర్రు కట్టింపుమని పెద్దకుమారునితో చెప్పితిమి. అతడు పార తీసికొని చేనికి పోయి, నాలుగుచోట్ల త్రవ్వి చూచి వచ్చి, "నాయనా, రెండంగుళాల కింద మన్ను పొడిగా వుంది. ఇంకో పదును పడనీ" యనెను. మాకు కోపము వచ్చెను. ఆరుద్రలో విత్తినవాడు చెడడనియు, ఆ సంగతి మాకు మా తండ్రి చెప్పెననియు, ఆయనకు ఆయన తండ్రి చెప్పెననియు కేకలు వేసితిమి. వంటయింటినుండి మా యింటి యిల్లాలు, "వానను చూసి విత్తుతారా, పంచాంగాన్ని చూసి విత్తుతారా?" యని యడిగినది. ఆ మాటకు మేము బదులు చెప్పలేదు.

నాలుగెకరములలో వేరుసెనగ విత్తితిమి. ఎకరమునకు 60 కిలోల గింజలు. అన్నియు సంఘమునందు అప్పుగా తీసికొన్నవే. పైతడికి కొన్ని మొలచెను, కొన్ని మన్నులోనే పాడయ్యెను. పిమ్మట పదునాలుగు దినములు చినుకు లేదు. మొలచినవి కూడ సాళ్ళలో సగము చచ్చెను. సంఘమునకు పోయి మరల విత్తనము తెచ్చితిమి. పుస్తకములో మా పేరున రెండవ పద్దు వ్రాయబడినది. ఆ యేటి ఆగస్టు, 1901 నుండి దేశమున ఉంచిన లెక్కలలోనెల్ల అత్యంత వర్షహీనమైన ఆగస్టుగా తేలినది. ఊడలు దిగవలసిన వేళ నేల రాతివలె గట్టిపడియుండెను. ఆగస్టు చేసిన నష్టము ఎవరి చేతిలోనిదియు కాదు; ముందు విత్తినవాడు, వెనుక విత్తినవాడు అందఱును అనుభవించిరి. కాని ఆ రెండవ పద్దు మాత్రము మేము చేసినదే. కుమారు డొక్కమాటయు ననలేదు. అతడు నాలుగు మాటలనియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ చలికాలమంతయు ఈ విషయమునే తలపోయుచుంటిమి. మేము దైవభక్తి కలవారము. ఏరువాకనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగుపూసి, కాడికి పసుపుకుంకుమలు పెట్టి, చేనిలో మొదటి సాలు దున్నుట మా యింట తప్పిన యేడు లేదు. ఎద్దులు పోయిన తరువాత ట్రాక్టరుకే పూలమాల వేయుచున్నాము. దానికి పొంగలి నైవేద్యము పెట్టుచున్నప్పుడు పిల్లలు నవ్వుదురు, మేమును నవ్వుదుము, అయినను మానము. వాన మన చేతిలో లేదని యొప్పుకొని నమస్కరించుటయే ఆ పూజ. మఱి ఆరుద్రలో విత్తినవాడు చెడడని మేము కేకలు వేసినప్పుడు చేసినది ఏమి? వాన మా కార్తెకు బద్ధమైయున్నదని చెప్పితిమి. దానిని భక్తియని అప్పుడనుకొంటిమి. ఇప్పుడు దానిపేరు వేఱుగా తోచుచున్నది. మన్ను ఎంతలోతు తడిసినదో చూచుట మాత్రము మన చేతిలోనిది. ఆ పార మా కుమారుని చేతిలో నుండెను.

కార్తెలను గూర్చి మా మనుమరాలు ఒక సంగతి చెప్పినది. ఆమె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. నక్షత్రములను పట్టి లెక్కించు సంవత్సరము, ఋతువులను పట్టి లెక్కించు సంవత్సరముకంటె సుమారు 20 నిముషములు పెద్దదట. ఆ నిముషములన్నియు కూడి 71 ఏండ్లకు ఒక దినమగును. వేయియేండ్లకు 14 దినములు, అనగా ఒక పూర్తి కార్తె. వేయియేండ్లనాటి రైతునకు మృగశిర ప్రవేశించిన యెండపొద్దు నేటి రోహిణి మొదటి దినములతో సరిపోవునన్నమాట. సంక్రాంతి 2023, 2024 సంవత్సరములలో జనవరి 15వ తేదీన వచ్చుట మనమందఱము చూచితిమి. మా చిన్ననాట 14వ తేదీ దాటుట యరుదు. మాకిప్పుడు 74 ఏండ్లు. మేము పుట్టినది మొదలు నేటికి మృగశిర ఒక్క దినము ఆలస్యమైనది. ఈ ఒక్క దినముపై నేరము మోపి మా పంటనష్టమును దానికి కట్టుట న్యాయము కాదు; అయినను, కదలనివని మేము నమ్మిన గుఱుతులు కూడ మెల్లగా కదలుచున్నవని తెలిసికొనుట మంచిది.

కదలుట యెక్కువగా ఉన్నది వానలోనే. నైరుతి ఋతుపవనము కేరళతీరమున ప్రవేశించుటకు వాడుకతేదీ జూన్ 1. అది 2023లో జూన్ 8న, అనగా మృగశిర ప్రవేశించిన నాడు వచ్చెను. 2024లో మే 30న, రోహిణిలో వచ్చెను. 2025లో మే 24ననే, రోహిణి యింకను ప్రవేశింపకమునుపే, కృత్తికలో వచ్చెను. మూడేండ్లలో మూడు కార్తెలు! ఈ తేదీలు కేరళవి, మనవి కావు. అచ్చట ముందుగా వచ్చినంతమాత్రమున మన చేలలో ముందుగా కురియునను నియమమును లేదు. పడమటికొండల చాటున నున్నవారము. అయినను ఒక్క కార్తెను పట్టుకొని కూర్చుండరాదనుటకు ఇది చాలును. వాతావరణశాఖవారు సయితము 2020లో తమ పాత పట్టికను దిద్దుకొనిరి: వాయవ్యభారతమునుండి ఋతుపవనము వెనుదిరుగ నారంభించు వాడుకతేదీని సెప్టెంబరు 1 నుండి 17నకు మార్చిరి. అంత పెద్ద కచేరీవారు తమ లెక్కను దిద్దుకొనగా, అరుగుమీది తాత దిద్దుకొనుటకు సిగ్గుపడవలసిన పనిలేదు.

2024 వేసవిలో మనుమరాలి ప్రోద్బలముచే ఒక వర్షమాపకమును కొంటిమి. పైన గరాటు, క్రింద గీతలుగల గొట్టము. అంతకంటె దానిలో విశేషము లేదు. మేము దానిని మా కలవాటైన వేపచెట్టు క్రిందనే పాతబోగా ఆ పిల్ల, "తాతా, చెట్టు తాగే వానను ఎవరు లెక్కబెడతారు?" అని, చెట్టుకును ఇంటికిని దూరముగా బయలున పాతించినది. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చూచి పుస్తకమున వ్రాయుట మా పని. రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువైనచో దానిని వానదినముగా లెక్కింపరు. ఒక మిల్లీమీటరు వాన ఎకరముమీద పడినచో 4,047 లీటర్ల నీరగును. ఈ సంగతి తెలిసిననాడు మేము చాలసేపు ఊరకుంటిమి. మొదటి నెలలోనే మాకు మంచి పాఠమైనది. రాత్రి "పెద్దవాన"యని మేము చెప్పినది తెల్లవారి చూడగా 7 మిల్లీమీటర్లే! రేకుల చప్పుడును నమ్మి మేము విత్తిన ఆ యారుద్ర జల్లు కూడ ఇంతకంటె మించియుండదని తోచినది. మేకపోతు ఒకటి రెండుసార్లు ఆ గొట్టమును పడద్రోసినది. ఆ దినములయెదుట "మేక" యని వ్రాసి విడిచితిమి.

ఇక సంఘమునకు సంబంధించిన మాట. మన సంఘము క్రింది ప్రతి గ్రామమున ఒక వర్షమాపకమును, ఒక పుస్తకమును ఉంచవలెననియు, ఆ పుస్తకము వ్రాయుభారము ఊరి వృద్ధులలో నొకరికి అప్పగింపవలెననియు మేము గత మహాజనసభలో ప్రస్తావించితిమి. ఖర్చని కొందఱనిరి. ఒక యెకరపు విత్తనమునకగు సొమ్ములో చిన్నభాగమైనను దానికి కాదు. మండలమున ప్రభుత్వపు యంత్రమున్నదిగదాయని మఱికొందఱనిరి. ఉన్నది, మంచిదే, కాని మేఘమునకు మండలపు సరిహద్దు తెలియదు. చెఱువుకట్టకు ఈవలివైపు కురిసి ఆవలివైపు కురియని వానను మనలో చూడనివా డెవడు? మన పుస్తకము భీమాలెక్కకు చెల్లునా యని యొకరడిగిరి. చెల్లదు. దానికొఱకు దీనిని కోరుటలేదు. పదును చాలకుండ విత్తినవాడు రెండవసారి విత్తనమునకై సంఘమునకే వచ్చును. ఆ రెండవ పద్దు తీఱనిచో ఆ బరువు అందఱి వాటాలమీదను పడును. మా పద్దు తీఱుటకు రెండేండ్లు పట్టినది. ఆ సొమ్ము ఆ రెండేండ్లును వేఱొక సభ్యునికి అందలేదు.

వృద్ధులకే ఈ పని యేల యని మీరడుగవచ్చును. పిల్లలు బెంగుళూరికి పోవుచున్నారు. నడివయస్సువారికి తీరిక లేదు. ఎనిమిదిన్నరకు ప్రతిదినము ఊరిలో తప్పక నుండువారము మేమే. అదియుగాక, ఒకొక్క తాత కడుపులో నలువదేండ్ల వానలున్నవి. ఏ యేట ఏ చెఱువు అలుగు పాఱినది, ఏ కార్తెలో ఏ పురుగు మీదపడినది, అన్నియు మాతోడనే పోవునవి. పుస్తకము చేతికిచ్చినచో ఆ మార్జినులో అవియు కొన్ని చేరును. కుమారులారా, మమ్ము అరుగుమీద విడిచి పోకుడు, వచ్చి అడుగుడు. తోడి వృద్ధులారా, అడిగినప్పుడు చెప్పుదము. పారమాత్రము వారికి విడిచిపెట్టుదము. మాకు ఈ రెండవది ఎంత కష్టమైనదో చెప్పనలవి కాదు.

గడచిన ఆరుద్రలో ఒకనాటి తెల్లవారుజామున మా కుమారుడు అరుగు దగ్గఱకు వచ్చి, "నాయనా, పుస్తకంలో ఎంత?" అని అడిగెను. 11 అని చెప్పితిమి. నోటిచివరకు వచ్చిన రెండవమాటను మ్రింగితిమి. అతడు పార తీసికొని పోయి, గంటసేపటికి తిరిగివచ్చి, గొర్రును కొట్టములోనే యుంచి కాళ్ళు కడుగుకొనెను. విత్తుట యింకను తొమ్మిది దినములు ఆగినది. ఈ ప్రస్తావన రానున్న మహాజనసభలో మరల వచ్చును. సభ్యులు తమ యింటి వృద్ధులను వెంటబెట్టుకొని రావలెనని కోరుచున్నాము.