రౌతు బలమెక్కడ?

‘రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడు కాళ్ల నడచు’నని మన సామెత. తరగతిలో బెత్తమును సమర్థించుకొనుటకు ఉపాధ్యాయులమగు మనము దీనిని తఱచుగా వాడుదుము. రౌతునకు బలమే ప్రధానమను భావము దీనిలో దాగియున్నది. మోకాళ్లకు దిగువ పట్టులేని యొక వనిత గుఱ్ఱపుస్వారిలో ఒలింపిక్ పతకము నందెనని తెలిసిన పిమ్మట, ఆ బలమేదియో మనము మరల విచారింపవలసి యున్నది.

ఆమె డెన్మార్కు దేశస్థురాలు, పేరు లిస్ హార్టెల్, 1921లో జన్మించెను. ఆమె అభ్యసించినది డ్రెస్సాజ్ అను విద్య. ఇది పరుగుపందెము కాదు. రౌతు సంకేతము ననుసరించి గుఱ్ఱము నడక మార్చుట, ప్రక్కకు జరుగుట, నిలిచినచోటనే అడుగులు వేయుట మున్నగువానిని ఎంత పొందికగా చేయునో న్యాయనిర్ణేతలు పరీక్షింతురు. ఆ సంకేతములలో పెక్కు రౌతు కాళ్ల ఒత్తిడి మూలముననే గుఱ్ఱమునకు అందును. 1943, 1944 సంవత్సరములలో ఆమె తన దేశమున ఈ విద్యలో విజేత. 1944లోనే, గర్భవతిగా నున్నపుడు, ఆమెకు పోలియో సోకెను. బిడ్డ ఆరోగ్యముగా జన్మించెను గాని తల్లికి కాళ్లు పూర్తిగా స్వాధీనము కాలేదు.

ఆమె చేతికఱ్ఱలతో నడచుట నేర్చెను; మరల జీను నెక్కెను. కాళ్లతో చెప్పవలసిన మాటను నడుము కదలికతోను, దేహభారమును ఇటునటు మార్చుటతోను చెప్ప నేర్చెను. జూబిలీ అను ఆడుగుఱ్ఱము ఆ భాషను గ్రహించెను. 1952లో హెల్సింకిలో, ఇతరుల సాయముతో గుఱ్ఱము నెక్కి దిగిన ఆమె, పురుషులతో సమముగా పోటీచేసి రజతపతకము గెలిచెను. స్వర్ణవిజేతయగు స్వీడన్ రౌతు హెన్రీ సెయింట్ సిర్ ఆమెను చేయిపట్టి వేదిక నెక్కించెను. 1956లో స్టాక్‌హోంలో ఆమెకు మరల రజతమే లభించెను.

అయితే ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. 1948 వరకు ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో సైనికాధికారులకే ప్రవేశము. ఆ యేడు లండనులో స్వర్ణము నందిన స్వీడన్ జట్టులో పెర్సన్ అను నతడు అధికారిహోదా లేనివాడని తేలగా, 1949లో ఆ జట్టు పతకము రద్దయ్యెను. గుఱ్ఱమునకు రౌతు భుజముపైని హోదాచిహ్నము తెలియునా? 1952లో నియమము సడలినది. స్త్రీలకును, అధికారులు కానివారికిని ద్వారము తెఱచుకొన్నది. అదే పెర్సన్ ఆ సంవత్సరమే జట్టుతో స్వర్ణము నందెను. ఆ ద్వారము మూసియే యున్నచో హార్టెల్ సాధన యంతయు ఒలింపిక్ మైదానమునకు వెలుపలనే నిలిచిపోయెడిది. ఆమె కాళ్లను పోలియో ఆపలేకపోయిన చోట, కాగితముపైని ఒక్క వాక్యము ఆపగలిగి యుండెడిది.

అందఱును హార్టెల్‌లు కాగలరా యని కొంద ఱందురు. కాలేరు. కాని ఆమె కోరినది దయతో వేసెడి మార్కులు కాదు. అందఱికిని పెట్టిన పరీక్షయే ఆమెకును పెట్టిరి. ఆమె కావలసినది ఆ పరీక్షకు కూర్చుండు చోటు మాత్రమే.

ఉద్యోగారంభమున నేనొక ఉన్నతపాఠశాలలో పనిచేసితిని. పోలియో సోకిన విద్యార్థి నొకనిని ఆటల గంటలో తోటివారి సంచులకు కాపలాగా కూర్చుండబెట్టెడివాడను. అది దయ యనుకొంటిని. నీవేమి ఆడగలవని ఒక్కనాడైనను వాని నడుగలేదు. హార్టెల్ 2009లో మరణించెను. ఆమె చరిత్ర చదివినపుడెల్ల ఆ బాలుడే నాకు జ్ఞప్తికి వచ్చును.

ఉపాధ్యాయమిత్రులారా, మీ ఆటల గంటలో అట్లు ఒడ్డున కూర్చున్న విద్యార్థి యున్నచో, రేపు వానిని ఆ ప్రశ్న అడుగుడు.